కాలువలు కట్టేసిన రోజుల్లో గేదెను కాపాడుకోవడం ఎలా

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసే వేళకు గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, లాకుల మరమ్మతు అన్నీ అప్పుడే. మళ్లీ సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్‌లో నీళ్లు వదిలేదాకా కాలువ అడుగున బురద, తూటికాడ, పగిలిన సీసాలు తప్ప ఏమీ ఉండవు. ఏడాదిలో గేదెకు నీళ్లు మరీ కావలసిన రోజులూ, కాలువ ఎండే రోజులూ ఒకటే కావడం గోదావరి జిల్లాల్లో పాడి చేసేవారికి తప్పని చిక్కు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక పొలానికి పారిన నీళ్లే గేదెకూ పనికొచ్చాయి. ఆ నీళ్లు ఆగిన రెండు నెలలూ దాని ఒళ్లు ఏం చేస్తుందో, మీరేం చేయాలో ఇక్కడ చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. వేడిని తట్టుకునే ఏర్పాట్లు గేదె ఒంట్లోనే ఉన్నాయి. మన పని వాటికి అడ్డు పడకుండా ఉండడం. చాలా పాకల్లో మనం ప్రేమతో చేసే పనులే అడ్డు పడుతుంటాయి. నేనూ చేశాను, అది తర్వాత చెబుతాను.

ముందు ఊపిరి లెక్కపెట్టండి

ఎండ ఎంత ఉందో ఫోను చూసి తెలుసుకోవచ్చు. గేదెకు ఎంత తగిలిందో మాత్రం దాని డొక్క చూస్తేనే తెలుస్తుంది. పడుకునో, కదలకుండా నిలబడో ఉన్నప్పుడు కాస్త దూరంగా నిలబడి డొక్క పైకి లేచి కిందికి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తే చాలు. దగ్గరికి వెళ్లి నిలబడితే తవుడు తెచ్చారేమోనని లేచి నిలబడుతుంది, లెక్క చెడుతుంది.

తెల్లవారుజామున, పాలు పిండకముందు, నిమిషానికి పదిహేను నుంచి పాతిక మధ్య ఉంటే నిశ్చింత. మధ్యాహ్నం మూడింటికి నలభై దాకా వచ్చినా అది తన పని తాను చేసుకుంటోందనే అర్థం. అరవై దాటితే వేడి దాని చేయి దాటుతోంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ ఎనభై దాటితే మీరు చేస్తున్న పని వదిలేసి దాని దగ్గరికి వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క రాత్రి పదింటిది. పగలు ఒంట్లో చేరిన వేడిని గేదె రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. పదింటికి కూడా ఊపిరి పగటిలాగే ఉందంటే నిన్నటి వేడి దిగకుండానే రేపటి ఎండ దాని మీద పడుతుంది. రెండు మూడు రోజులు అలా జరిగిన గేదెలే వడదెబ్బకు పడిపోతాయి. ఒక్క రోజు ఎండకు పడిపోయేవి తక్కువ. పాల లెక్క రాసే క్యాలెండరు గడిలోనే ఈ మూడు అంకెలూ రాసుకోండి.

ఈ రోజు పొడి ఎండా, ఉక్కా?

డెల్టాలో వేసవి రోజులు రెండు రకాలు. పడమటి గాలి వీచే రోజు ఒకటి. ఒళ్లు మాడిపోతుంది, పెదవులు పగులుతాయి, ఆరేసిన బట్ట అరగంటలో కరకరలాడుతుంది. రెండోది సముద్రం మీది తేమంతా మన మీదే నిలిచిపోయిన రోజు. ఎండ చూస్తే తక్కువే, చొక్కా మాత్రం వీపుకు అంటుకునే ఉంటుంది.

మనిషికైనా గేదెకైనా రెండోదే ప్రమాదం. పాడి రంగంలో ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ కలిపి ఒకే అంకెగా లెక్కించే సూచిక ఉంది. పాడి ఆవులకు అది 72 దాటితే ఇబ్బంది మొదలైనట్టు. 42 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉన్న రోజుకు లెక్క వేస్తే సుమారు 87 వస్తుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉన్న రోజుకు 90 వస్తుంది. ఆరు డిగ్రీలు తక్కువ ఉన్న రోజే ఎక్కువ బాధ. టీవీలో రెంటచింతల ఎండ చూసి ‘మన అమలాపురం నయం’ అనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కారణం చెమట. ఒక లీటరు నీరు చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలో కాలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాయడానికి పట్టేది 70 మాత్రమే. అయిదువందల కిలోల గేదె ఒళ్లు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 400 కిలో కాలరీలు కావాలి. అంటే లీటరు కన్నా తక్కువ నీరు ఒంటి మీద ఆరితే ఒక డిగ్రీ జ్వరం దిగినంత పని. కానీ ఆరాలి. కారి కింద పడిన నీరు ఆ పని చేయదు, తేమగాలిలో ఆరకుండా ఒంటి మీద నిలిచిన నీరూ చేయదు.

పైగా గేదెకు చెమట గ్రంథులు తక్కువ, ఆవు చర్మంలో ఉన్నవాటిలో ఆరోవంతు. నల్లటి తోలు, పలచటి వెంట్రుకలు. ఎండలో కట్టేస్తే ఆవు కన్నా తొందరగా కాగిపోతుంది. అయితే అదే తోలు కింద రక్తనాళాలు దండిగా ఉంటాయి. నీళ్లలోకి దిగగానే అవి విచ్చుకుని లోపలి వేడిని చర్మం దగ్గరికి తెచ్చి నీటికి అప్పగిస్తాయి. అందుకే నీళ్లలో ఆవు కన్నా గేదె తొందరగా చల్లబడుతుంది. ఒంటికి పూసుకున్న బురద నెమ్మదిగా ఆరుతూ గట్టెక్కిన తర్వాత కూడా కాసేపు చలవ చేస్తుంది, జోరీగలను ఆపుతుంది. బురద పూసుకొచ్చిన గేదెను తిట్టుకుంటూ వెంటనే కడిగేయకండి. పాలు పిండే వేళకు పొదుగు కడిగితే చాలు.

నీళ్లు పోసే పద్ధతి

ఇప్పుడు నా నిర్వాకం. ఒక రోహిణి కార్తెలో, ఉక్క పోస్తున్న మధ్యాహ్నం, వడగాలి తగలకూడదని పాకకు మూడు వైపులా టార్పాలిన్ కట్టాను. లోపల గొట్టంతో గేదెల మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాను, నేల తడిసి మడుగయింది. గంట తర్వాత లెక్కపెడితే పెద్ద గేదె ఊపిరి యాభై నుంచి డెబ్బై ఆరుకు వెళ్లింది. ఆ పాకను నేనే ఆవిరి కుడుముల గిన్నెలా చేశాను. టార్పాలిన్ కోసి పారేసి, ఫ్యాను తెచ్చి పెట్టాక అరగంటకు దిగింది.

కాబట్టి పడమటి గాలి వీచే పొడి రోజున పడమటి వైపు గోనెపట్టాలు కట్టి తడపండి. వేడిగాలి వాటిలోంచి వస్తూ చల్లబడుతుంది. ఉక్క రోజున ఆ గోనెలన్నీ పైకి చుట్టేయండి. ఆ రోజు గాలే మందు.

ఒంటి మీద పోసేటప్పుడు రెండు నిమిషాలు తోలు తడిసేలా పోసి ఆపండి. తర్వాత ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఆరాక మళ్లీ పోయండి. ఎండ ముదిరే పదకొండు నుంచి నాలుగు దాకా అరగంటకోసారి ఇలా చేస్తే ఎడతెరిపి లేకుండా గొట్టం పెట్టినదానికన్నా నీళ్లు తక్కువ పడతాయి, పని ఎక్కువ జరుగుతుంది. సంకరజాతి ఆవులకు వెంట్రుకలు ఒత్తు కాబట్టి సన్నటి తుంపర పైపైనే నిలిచిపోతుంది, వాటికి చర్మం దాకా తడవాలి.

ఊళ్లో చెరువు ఉంటే మధ్యాహ్నం గంటో రెండు గంటలో వదలండి. రెండు జాగ్రత్తలు. పాలు పిండిన వెంటనే వదలకండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది, ఆలోగా బురద తగిలితే పొదుగువాపు వస్తుంది. ఆ అరగంటా కాస్త పచ్చిగడ్డి వేస్తే నిలబడే ఉంటుంది. రెండోది, భీమవరం, నరసాపురం వైపు వారికి: రొయ్యల చెరువుల నీరు కలిసే మురుగు కాలువల్లోకి దించకండి. ఆ నీరు ఉప్పగా ఉంటుంది, గేదె అందులో పడుకుంటే తాగకుండా ఉండదు.

తాగే నీరు కూడా చల్లబరిచే సాధనమే. 39 డిగ్రీల కడుపులోకి 30 డిగ్రీల నీరు నలభై లీటర్లు వెళితే అది 39కి చేరేలోగా 360 కిలో కాలరీల వేడిని పీల్చుకుంటుంది. ఎండలో పెట్టిన నల్ల ట్యాంకు నుంచి పైపులో వచ్చే నీటిని ఒకసారి ముంజేతి మీద పోసుకుని చూడండి. చురుక్కుమంటే ఆ నీరు దాహం తీరుస్తుంది కానీ చల్లబరచదు. తొట్టి నీడలో ఉండాలి, గేదె తనంతట తాను తాగేలా ఉండాలి. పూటకోసారి చూపించడం వేసవిలో చాలదు. పాలిచ్చే గేదె రోజుకు ఎనభై లీటర్లు తాగినా ఆశ్చర్యపోకండి.

నీడ

చెట్టు నీడకు సాటి లేదు. ఆకు తన నీటిని ఆవిరి చేస్తూ తాను చల్లగా ఉంటుంది, కింద ఉన్నదాని మీద వేడి కుమ్మరించదు. సిమెంటు రేకు అలా కాదు. మధ్యాహ్నానికి అదే పెనంలా కాగి గేదె వీపు మీదికి వేడిని పంపుతూ ఉంటుంది, సాయంత్రం దాకా ఆపదు. రేకుల మీద కొబ్బరాకులు ఒత్తుగా పరచండి, లేదా సున్నం కొట్టండి. కొత్తగా పాక వేసేవారు పొడవును తూర్పు పడమరలుగా పెట్టి, చూరు మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉంచితే సగం బాధ తీరుతుంది.

కోనసీమలో అందరికీ కొబ్బరితోటలున్నాయి కదా అని గెలల కింద కట్టేయకండి. ముదురు కాయ వీపు మీద పడితే వడదెబ్బ కన్నా పెద్ద దెబ్బే తగులుతుంది. దింపు తీసిన చెట్ల వరసలో కట్టండి. మధ్యాహ్నానికి నీడ జరుగుతుంది, పలుపు మార్చడం మరిచిపోవద్దు.

గడ్డి రాత్రికి, పగలు పచ్చిమేత

గేదె కడుపులో ఒక పొయ్యి ఉంది. గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి చలికాలంలో వరం, వేసవిలో శాపం. ఎండుగడ్డి ఎంత ముతకదైతే అరిగించడానికి అంత వేడి పుడుతుంది, తిన్న మూడు నాలుగు గంటలకు అది బాగా పెరుగుతుంది. ఉదయం పదింటికి గాడి నిండా వరిగడ్డి వేస్తే ఒంటిగంట ఎండ, కడుపులో వేడి ఒకేసారి కలుస్తాయి. గేదె తిండి మానేస్తే ‘అరుచి పట్టింది’ అంటాం. నిజానికి అది పొయ్యిలో కట్టెలు లాగేస్తోంది.

కాబట్టి వరిగడ్డిలో మూడింట రెండొంతులు పొద్దుగూకాక వేయండి. తెల్లవారుజామున నాలుగింటికి మరికాస్త. పగలు పచ్చిమేత కొద్దికొద్దిగా వేయండి. దాళ్వా వేయని చేలల్లో చల్లిన పిల్లిపెసర, జనుము మిగిల్చుకున్నవారు ఈ రెండు నెలలూ అదృష్టవంతులే. వరిగడ్డిని నీళ్లతో తడిపి వేస్తే ఇంకాస్త ఇష్టంగా తింటుంది. అలాగని గడ్డి పూర్తిగా తగ్గించి తవుడు, తెలకపిండి పెంచేయకండి. రొప్పే గేదె చొంగతో పాటు కడుపులో పులుపును విరిచే క్షారమూ పోతుంది. దాని మీద దాణా ఎక్కువైతే కడుపు పులిసి నెమరు ఆగుతుంది. నెమరు ఆగిన గేదెకు తినేసోడా ఎంత ఇవ్వాలో పశువైద్యుణ్ని అడిగి ఇవ్వండి. ఉప్పు ముప్పై గ్రాములు, లవణ మిశ్రమం యాభై గ్రాములు రోజూ దాణాలో కలపండి. కుడితి మాత్రం ఏ పూటది ఆ పూటే. మధ్యాహ్నం దాకా ఉంచితే పులిసి నురగ కడుతుంది.

పాలు తగ్గితే

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎండ ముదిరిన వారంలో రెండు లీటర్లు తగ్గగానే దాణా పెంచుతారు, లేదా చేపడానికి (పొదుగులోకి పాలు దిగడానికి) సూది మందు వేస్తారు. నా మాట వినండి, రెండూ వద్దు. పాలు తయారుచేయడం కూడా వేడి పుట్టించే పనే. తగ్గిన పాలలో సగం దాకా అది తక్కువ తినడం వల్ల తగ్గినవి, మిగతాది శరీరం తనంతట తాను తగ్గించుకున్నది.

ఈ సర్దుబాటు రెండు విడతల్లో జరుగుతుంది. మొదటిది నిమిషాల్లో, గంటల్లో: చర్మానికి రక్తం ఎక్కువగా రావడం, ఊపిరి పెరగడం, తిండి తగ్గడం. రెండోదానికి రెండు మూడు వారాలు పడుతుంది. థైరాయిడ్ గ్రంథి నెమ్మదించి ఒళ్లంతా తక్కువ మంట మీద నడుస్తుంది, రక్తంలో నీటి వంతు పెరుగుతుంది, కణాల్లో వేడికి మాంసకృత్తులు చెదిరిపోకుండా కాచే ప్రత్యేకమైన మాంసకృత్తులు తయారవుతాయి. మార్చి నుంచి మెల్లగా ఎండ చూసిన గేదె మేలో తట్టుకునేది ఇందుకే. మార్చి అంతా ఫ్యాన్ల కింద ఉంచి మేలో కరెంటు పోయిన రోజున పాపం అనుకుంటే అది తట్టుకోలేదు.

హర్యానా నుంచి ముర్రా గేదెలు దించుకునేవారు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అక్కడా మండే ఎండలే, కానీ పొడి ఎండలు. మన ఉక్క వాటికి కొత్త. ఏప్రిల్, మే నెలల్లో కొనకండి. చలికాలంలో దించుకుంటే వేసవికి మన గాలి అలవాటవుతుంది. బేరగాడు ఇప్పుడే చవక అంటాడు. ఆ చవక ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.

ఎద తప్పిపోకుండా

వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు, తీగ (ఎదలో కారే జిగట ద్రవం) సరిగా కనిపించదు. మూగ ఎద అంటాం. వచ్చేది కూడా ఎక్కువగా రాత్రి వేళ, తెల్లవారేసరికి సద్దుమణుగుతుంది. రాత్రి పదింటికి ఊపిరి లెక్కపెట్టడానికి ఎలాగూ వెళతారు కదా, అప్పుడే వెనక వైపు కూడా చూడండి, తెల్లవారుజామున మరోసారి చూడండి. కృత్రిమ గర్భధారణ సూది వేయించేది ఉదయమో సాయంత్రమో చల్లని వేళే కావాలి. ఆ తర్వాత వారం రోజులు మరీ జాగ్రత్త, కొత్తగా నిలిచిన పిండం తల్లి ఒంటి వేడికి తట్టుకోలేదు. చూడి ముదిరి పాలు మాన్పిన గేదెను ‘పాలివ్వడం లేదు కదా’ అని ఎండలో వదిలేయడం ఇంకో పొరపాటు. చివరి రెండు నెలలు చల్లగా ఉంచితే దూడ బలంగా పుడుతుంది, ఈనాక పాలూ బాగుంటాయి.

కోళ్ల సంగతి రెండు మాటల్లో

అనపర్తి, తణుకు వైపు ఫారాల వారికి నేను చెప్పేదేమీ లేదు, పెరట్లో పది కోళ్లు ఉన్నవారికి చెబుతాను. కోడికి చెమట గ్రంథులే లేవు. దాని ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది, రొప్పడం తప్ప దారి లేదు. రొప్పి రొప్పి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవడం వల్లే వేసవి గుడ్డు పెంకు పలచన. గవ్వపొడి ఎంత వేసినా రొప్పు తగ్గనిదే పెంకు గట్టిపడదు. పదింటి నుంచి నాలుగింటి దాకా మేత తీసేయండి, నీళ్లు మాత్రం మార్చి మార్చి పెట్టండి.

పడిపోతే

గేదె తూలుతున్నా, కూలబడి లేవకపోయినా థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడండి. 41 దాటితే ముందు నీడకు చేర్చండి, లేదా దాని మీదే నీడ వేయండి. తల, మెడ, పొట్ట కింద, కాళ్ల మధ్య బోరు నీళ్లు ధారగా పోస్తూ ఫ్యాను పెట్టండి. ఒకరు పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయాలి, ఒకరు నీళ్లు పోయాలి. గొట్టంతో నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకండి. మింగలేని పశువుకు అవి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి, వడదెబ్బ నుంచి బతికినది దానితో పోతుంది. తనంతట తాను మూతి పెడితే తాగనివ్వండి. 39.5కి దిగాక నీళ్లు ఆపండి, ఒళ్లు ఇంకా కాస్త దానంతట అదే దిగుతుంది.

గురక వ్యాధికి, జబ్బవాపుకు టీకాలు తొలకరికి ముందే వేయించాలి. ఎండకు నీరసించిన గేదె వాన తగిలిన వారంలోనే వాటికి దొరికిపోతుంది.

జూన్‌లో కాలువకు నీళ్లు వదిలారని తెలియగానే గేదెలు మనకన్నా ముందు పసిగడతాయి, పలుపు తెంపుకుంటాయి. మొదటి రోజు వదలకండి. రెండు నెలలు కాలువలో పడిన చెత్త, గాజుపెంకులు, చచ్చిన కుక్కలు అన్నీ ఆ తొలి నీటితోనే కొట్టుకొస్తాయి. మూడో రోజు నీళ్లు కాస్త తేరుకున్నాక, మీరు ముందు దిగి రేవులో అడుగున పెంకులేమైనా ఉన్నాయేమో కాలితో తడిమి చూసి, అప్పుడు పలుపు విప్పండి.